ఆలివ్ టీచరుకి ఒక గరిటె

వడ్లు దంచడానికి గాజు సీసా పనికిరాదని మాకు రెండో రోజుకే తెలిసిపోయింది. గట్టిగా కొడితే సీసా పగులుతుంది, మెల్లగా దొర్లిస్తే పొట్టు ఊడదు. చివరికి ఆలివ్ టీచరే కాలికున్న కొయ్య చెప్పు విడిచి, కుళాయి దగ్గర కడుక్కొచ్చి, రాతిపలక మీద పలచగా వడ్లు పరిచి, చెప్పుతో రుద్ది చూపించింది. పది నిమిషాలు రుద్దితే పిడికెడు బియ్యం వచ్చాయి, అందులో సగం నూకలే. ఆ పొట్టుని నోటితో ఊదాలి, ఊదడానికి ఊపిరి కావాలి, ఊపిరికి తిండి కావాలి. ఆ తిండేమో ఇంకా పొట్టులోనే ఉంది. "యాభై ఎనిమిదేళ్ళకి నా చెప్పుకి కూడా ఓ ఉద్యోగం దొరికిందే కోరా," అని ఆవిడ నా వైపు చూసి నవ్వింది.

అప్పటిదాకా క్యాంపు జపాను కాపలావాళ్ళు పురుగుల బియ్యమైనా బియ్యమే ఇచ్చారు. ఫిబ్రవరిలో ఏమైందో, బియ్యం ఆపేసి వడ్లు కొలిచి పోయడం మొదలుపెట్టారు. రోలు లేదు, రోకలి లేదు. "మీరంతా చదువుకున్నవాళ్ళు కదా, దారి మీరే చూసుకోండి," అన్నాడట సరుకుల అధికారి. ఆ దారి చూడవలసింది ఎవరో మా కమిటీ పావుగంటలో తేల్చేసింది. ఇంకెవరు, ఆడవాళ్ళు.

కమిటీ అంటే మాలోంచే ఎన్నికైన తొమ్మిదిమంది మగవాళ్ళు. యుద్ధంలో జపానువాళ్ళకి చిక్కిన అమెరికన్లం, ఇతర తెల్లవాళ్ళం, ముళ్ళకంచె లోపల రెండువేలమందిమి ఉన్నాం. మమ్మల్ని మేమే ఏలుకోవాలని జపానువాళ్ళ ఏర్పాటు. మా ఆయన లాయిడ్ ఆ తొమ్మిదిమందిలో ఒకడు. యుద్ధానికి ముందు మనీలాలో కలప కంపెనీ మేనేజరు, క్యాంపులో తిండికీ పనుల పంపకానికీ పెద్ద. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని కమిటీ తీర్మానాలన్నీ నాచేతే రాయించేవాడు. కట్టెలు కొట్టేవాళ్ళకి, గోతులు తవ్వేవాళ్ళకి, కమిటీ సభ్యులకి "బరువు పని" కింద రోజుకో గరిటె జావ అదనం. బియ్యం ఏరడం, కూరలు తరగడం, ఆస్పత్రి గుడ్డలు ఉతకడం, ఇప్పుడీ వడ్లు "ఇంటిపని వంటివి గనుక" బరువు పనులు కావు. ఆ వాక్యం రాసింది నేనే. రాస్తున్నప్పుడు నా చెయ్యి ఆగలేదు. అక్షరాలు వంకర పోకుండా చూసుకోవడంలోనే నా బుద్ధంతా ఉంది.

వడ్లు మొదలయ్యాక ఒకరోజు అడిగాను. "లాయిడ్, వడ్లు రుద్దే ఆడవాళ్ళకి కూడా ఆ గరిటె రాయించు. పొద్దున్న రుద్దడం మొదలుపెడితే మధ్యాహ్నానికి చేతులు లేవడం లేదు."

"కూర్చుని చేసే పనే కదా కోరా."

"అయితే నిలబడి చేస్తాం. ఇస్తావా?"

"ప్రతిదానికీ ఎదురుమాటే నీకు. ఇంట్లో చేసే పనికి కూడా కూలి అడిగితే ఎట్లా?"

"నేను ఇంట్లో ఎప్పుడు వడ్లు దంచాను?"

నిజానికి ఇంట్లో నేను ఏ పనీ చేయలేదు. మనీలాలో మాకు వంటమనిషి ఉండేవాడు, బట్టలుతికే ఇస్కా ఉండేది. నా పని వాళ్ళని కనిపెట్టి ఉండటం. చక్కెర సీసా మీద పెన్సిలుతో గీత గీసి, సాయంత్రం చక్కెర గీత దిగిందేమో చూసేదాన్ని. ఒకసారి దిగింది. ఇస్కాని పిలిచి అడిగాను. ఆమె తలొంచుకుని, "పిల్లకి జ్వరమమ్మా," అంది. నేను ఆమెని పనిలోంచి తీసేయలేదు, అది నా మంచితనమనుకున్నాను. ఆ పిల్లకి తగ్గిందా అని మాత్రం అడగలేదు. నాలుగేళ్ళ తర్వాత వడ్లు రుద్దుతూ అది గుర్తొచ్చి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

క్యాంపులో మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ వేరువేరు బ్యారకులు. పెళ్ళయిన పదకొండేళ్ళలో నేను ఒంటరిగా పడుకున్నది ఆ వెదురుతడికల మధ్యే. నిజం చెప్పొద్దూ, మొదటి వారం హాయిగా నిద్రపట్టింది. కానీ మొగుడు వేరే కప్పు కింద ఉన్నంత మాత్రాన కాపురం తప్పుతుందా? ఆయన చొక్కాలు నా దగ్గరికి వచ్చేవి, ఆయన తీర్మానాలు వచ్చేవి, ఆయన భోజనం చీటీ వచ్చేది. రెండు చీట్లు పట్టుకుని గంటసేపు వరసలో నిలబడి, రెండు గిన్నెల్లో జావ పోయించుకుని ఆయన బ్యారకు మెట్ల దాకా మోసుకెళ్ళేదాన్ని. అక్కడ ఆగి, నా గిన్నెలోంచి నాలుగు చెంచాలు ఆయన గిన్నెలోకి ఒంపేదాన్ని. ఆయన ఒంపమని అడగలేదు, వద్దనీ అనలేదు. మా అమ్మ మా నాన్నకి అట్లాగే పెట్టేది. ఆకలి లేని ఇంట్లో ఆ అలవాటు ముద్దుగానే ఉండేది.

ఆలివ్ టీచరు అది ఒక్కసారే చూసింది. పక్క మంచం ఆవిడది. ఇలోయిలో అనే ఊళ్ళో ఓ బడిలో ముప్ఫై ఏళ్ళు పిల్లలకి భూగోళం చెప్పింది, పెళ్ళి చేసుకోలేదు.

"ఎన్నాళ్ళ నుంచి పోస్తున్నావు?" అంది.

"ఏమో, మొదటినుంచీ."

"ఆయనకి బరువు పని గరిటె వస్తోందిగా?"

"మగమనిషి కదా టీచర్, ఆకలెక్కువ."

"అవునవును. ఆకలి కూడా ఆడామగా చూసి వస్తుంది మరి." మర్నాడు నేను గిన్నెలు పట్టుకుని లేస్తుంటే, "నీ గిన్నె ఇక్కడే ఖాళీ చేసి వెళ్ళు, నేను చూస్తుండగా," అంది. బడిపంతులమ్మ గొంతది. నేను కూర్చుని తిన్నాను. ఆ ఒక్కరోజే. మర్నాటికి మళ్ళీ మెట్ల దగ్గర నా చెయ్యి దానంతట అదే ఒంగింది.

వడ్లు వచ్చిన రెండోవారానికి ఆవిడ కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే పడిన గుంట పడ్డట్టే ఉండిపోయేది. చెప్పు పట్టక, పట్టినా నడవలేక, మంచం మీదే పలక పెట్టుకుని రుద్దేది. మధ్యమధ్యలో నూకలతో పలక మీద పటం వేసేది. "ఇదిగో మనీలా. మనవాళ్ళు ఇక్కడిదాకా వచ్చారు. ఇదిగో మన క్యాంపు పక్క సరస్సు. మధ్యలో నలభై మైళ్ళు. అంతే, నడిచొచ్చినా వారం." ఉత్తరాన ఆకాశంలో పొగ రోజూ కనిపిస్తూనే ఉంది. విమానాలు మా మీదుగా ఎగిరేవి. వాళ్ళు వస్తారని అందరికీ తెలుసు. ఎప్పుడన్నదే తెలియదు. ఈలోగా రోజుకి ఇద్దరు ముగ్గురు పోతున్నారు.

డాక్టరు ఆవిడ కాళ్ళు చూసి, నన్ను బయటికి పిలిచాడు. "మందు లేదమ్మా. తిండే మందు. ఓ గరిటె జావ ఎక్కువ పడాలి. ఎక్కడైనా పాలపొడి గానీ మాంసం గానీ దొరికితే రోజుకో చెంచా పెట్టు. పదిరోజులు లాక్కొస్తే చాలు, ఈలోగా మనవాళ్ళు వచ్చేస్తారు." నన్ను కూడా ఎగాదిగా చూసి కాటా ఎక్కమన్నాడు. డెబ్భై తొమ్మిది పౌన్లు, పదకొండేళ్ళ పిల్ల బరువు. "నీది కూడా ఎంతో దూరం లేదు," అన్నాడు.

పదిరోజులు, రోజుకో చెంచా. నేను పరిగెత్తలేను గానీ పరిగెత్తినట్టే వెళ్ళాను. లాయిడ్ చెట్టు నీడలో కుర్చీ వేసుకుని ఏదో రాసుకుంటున్నాడు.

"ఆలివ్ టీచరు పేరు గరిటె జాబితాలో చేర్చు. ఒక్క పేరు. నేనే రాస్తాను, నువ్వు సంతకం పెట్టు."

"ఒకరికి పెడితే నూరుమంది వస్తారు. తీర్మానం తీర్మానమే."

"సరే. పాలపొడి ఎక్కడైనా ఉందా? కిందటేడాది రెడ్‌క్రాస్ పెట్టెల్లోది? కమిటీలో ఎవరి దగ్గరైనా?"

ఆ తిండిపెట్టెలు మాకు అటుకిందటి క్రిస్మస్‌కి వచ్చాయి, మనిషికొకటి. నాది కూడా లాయిడే తీసుకుని, "నేను చూసుకుంటాలే, నీకు దాచడం చేతకాదు," అన్నాడు. నెలకో డబ్బా తీసి ఇద్దరం తినేవాళ్ళం. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగనాడు, ఇదే ఆఖరిదంటూ మాంసం డబ్బా తెరిచాడు.

"క్యాంపంతా గాలించినా ఒక్క డబ్బా దొరకదు కోరా," అన్నాడు ఆయన, కలం ఆపి, నా మొహంలోకి చూస్తూ. "ఉంటే ఇవ్వనా? నేనంత రాయినా?"

కాదని అనుకున్నాను. నమ్మాను. ఇంకా పాపం అనుకున్నాను, ఆయన మాత్రం ఏం చేస్తాడని. ఆ సాయంత్రం నుంచి నా గిన్నెలోది మూడు వాటాలైంది. మొదట ఆయనకి, తర్వాత ఆలివ్ టీచరుకి, మిగిలితే నాకు. వాటా వేసేటప్పుడు మొదటి నాలుగు చెంచాలు ఆయనకే వేసేదాన్ని. ఆవిడకి రెండు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ పలక మీద తల వాల్చింది. వడ్లు రుద్దుతూ కునుకు తీసిందనుకున్నాను. నూకలు చెంపకి అంటుకున్నాయి. నేను వాటిని ఒక్కొక్కటీ ఏరి గిన్నెలో వేశాను. ఏడవడానికి ముందు నూకలు ఏరాను. బతకడం నన్ను అలాంటి మనిషిని చేసింది.

శుక్రవారం పొద్దున్న ఏడింటికి వరసలో నిలబెట్టి లెక్కపెడుతుండగా విమానాలు వచ్చాయి. వాటిలోంచి మనుషులు వేలాడే తెల్లటి గొడుగులు రాలాయి. కాపలావాళ్ళు చొక్కాలు విప్పి కసరత్తు చేస్తున్నారు, తుపాకులు గదిలో ఉన్నాయి. ఆ తర్వాత అన్ని వైపులనుంచీ కాల్పులు. మేం మంచాల కింద దూరాం. నా పక్కన మార్తమ్మ అనే సన్యాసిని పొట్టమీద పాకుతూ వెళ్ళి, తూటాల మధ్య, పలక మీద బియ్యానికి మూత పెట్టి వచ్చింది. "దుమ్ము పడుతోంది," అంది.

పావుగంటలో అంతా అయిపోయింది. గుమ్మంలో మన సైనికుడొకడు నిలబడ్డాడు. అంత ఎత్తు మనిషిని, అంత గుండ్రటి చెంపల మనిషిని చూసి మూడేళ్ళు. "త్వరగా అమ్మా, త్వరగా. శత్రువు దండు ఎనిమిది మైళ్ళలో ఉంది. చేతిలో పట్టిందే తీసుకోండి, సరస్సు దాటించే బళ్ళొచ్చాయి," అని అరిచాడు. మాలో ఒక్కరూ కదల్లేదు. ఒకామె తల దువ్వుకుంటోంది. నేనైతే మళ్ళీ పలక ముందు కూర్చున్నాను. రుద్దిన వడ్లు ఊదకుండా ఎట్లా వదిలేస్తాను, మధ్యాహ్నానికి జావ ఎవరు కాస్తారు? ఆ సైనికుడు నన్ను చూసి నోరు తెరిచాడు. "అమ్మా, ఇక మధ్యాహ్నం ఇక్కడ లేదు," అన్నాడు. ఆ మాట నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అప్పటికీ బియ్యాన్ని గౌను అంచులో మూటకట్టుకునే లేచాను.

మేం ఇట్లా సాగదీస్తుంటే వాళ్ళు విసిగిపోయి, మమ్మల్ని కదిలించడానికి చివరి బ్యారకుల నుంచి నిప్పు పెట్టుకుంటూ వచ్చారు. బయట లాయిడ్ ఎవరో అధికారితో చేతులు కలుపుతున్నాడు. నన్ను చూసి, "కోరా! నా మంచం కింద పెట్టె! కమిటీ కాగితాలన్నీ అందులోనే. తొందరగా తే," అన్నాడు. అని మళ్ళీ అధికారి వైపు తిరిగాడు. ఆయన బ్యారకుకి ఇటు నాలుగోది మండుతోంది. నేను వెళ్ళాను. తే అంటే తేవడం తప్ప ఇంకోటి ఉందని నాకప్పటికి తెలియదు.

పెట్టె తాళం వేసి ఉంది. లాగితే జానెడు జరిగింది. డెబ్భై తొమ్మిది పౌన్ల మనిషి ఎంత లాగుతుంది? ఇంకో సైనికుడు లోపలికి వచ్చి, "ఏంటమ్మా ఇది? కాలిపోతావు," అని తుపాకి మడమతో తాళం మీద ఒక్క దెబ్బ వేశాడు. "కావలసింది తీసుకుని పద."

పైన కాగితాలున్నాయి, అన్నీ నా చేతిరాతే. కాగితాల కింద ఆయన పెళ్ళి కోటు. కోటు కింద ఆరు డబ్బాలు. మూడు మాంసం, మూడు పాలపొడి. క్యాంపులో దొంగతనాల భయానికి ఎవరి డబ్బాలమీద వాళ్ళం మేకుతో పేరు గీసుకునేవాళ్ళం. తిప్పి చూశాను. నాలుగు డబ్బాల అడుగున నా పేరుంది.

నా డబ్బాలు. నా పెట్టెలోవి. రోజుకో చెంచా, పదిరోజులు.

సైనికుడు తొందరపెడుతున్నాడు. "దీన్ని తెరుస్తావా నాయనా?" అన్నాను. అతను కత్తితో పాలపొడి డబ్బా మూత లేపి ఇచ్చాడు. నేను కాలుతున్న బ్యారకు మెట్ల మీద నిలబడి, వేళ్ళతో ఆ పొడి తీసుకుని నోట్లో పోసుకున్నాను. అంగిలికి అంటుకుంది, గొంతు పట్టేసింది, కళ్ళమ్మట నీళ్ళు కారాయి, అయినా తిన్నాను. ఏడుస్తూ తిన్నాను. ఎవరికీ ఒంపలేదు. మిగిలిన డబ్బాలు బియ్యంతోపాటు గౌనులో వేసుకుని నడిచాను. కాగితాలు ముట్టుకోలేదు.

బళ్ళ దగ్గర లాయిడ్ నా మూతి చుట్టూ తెల్లగా ఉన్న పొడి చూశాడు. మొహం పాలిపోయింది.

"పెట్టె తెరిచావా?"

"తెరిచారు."

"మనకోసమే దాచాను కోరా. ఇంతకన్నా పాడురోజు వస్తే ఉండాలి కదా. నేనొక్కటైనా ముట్టుకున్నానా చెప్పు? ఆకలితో నేనూ మాడాను."

అది నిజం. ఆయన తిండిపోతు కాడు. ఆయన మెడ ఎముకలూ బయటికే ఉన్నాయి. ఆయన యజమాని, అంతే. దాచిన వస్తువు దాచినట్టు ఉండటమే ఆయనకి కడుపు నింపేది. నేను మాత్రం చక్కెర సీసా మీద గీత గీసిన దాన్ని కాదా? నాకు అర్థం కాకపోవడానికేముంది?

"ఆదివారం ఆవిడ పోయింది లాయిడ్. అది పాడురోజు కాదా?"

"పాలు పోస్తే మాత్రం బతికేదని ఎవరు చెప్పగలరు?"

"నేను డెబ్భై తొమ్మిది పౌన్లున్నాను."

"నువ్వు గట్టిదానివే. నాకు తెలుసుగా."

ఆయన ఎదురుచూసిన ఆ పాడురోజు ఏదో నాకప్పుడు తెలిసింది. నేను బతికి ఉన్నంతకాలం అది రాదు. నేను నిలబడి గిన్నె తెస్తున్నాను గనుక రోజులు ఇంకా బాగానే ఉన్నట్టు. నేను పడిపోయిననాడు, ఆ పెట్టె తెరిచి, ఒక చెంచా నా నోట్లో పోసి, నిజంగా ఏడ్చేవాడు.

ఆడవాళ్ళనీ జబ్బువాళ్ళనీ బళ్ళెక్కించారు, నడవగల మగవాళ్ళని నడిపించారు. ఆ బళ్ళు రోడ్డుమీద నడిచినట్టే సరస్సులోకి దిగి నీళ్ళమీద సాగాయి. మార్తమ్మ, నేను, ఇంకో నలుగురం ఒక మాంసం డబ్బా తిన్నాం. వెనక పొగ లేస్తోంది. అందరూ పాడుతున్నారు. నాకు పాట రాలేదు. ఒడ్డు చేరితే ఆయన వస్తాడు, ఆయనతో ఓడ ఎక్కాలి, ఓడ దిగితే ఇల్లు, ఆ ఇంట్లో అరలు, ఆ అరలకి తాళాలు. మూడేళ్ళ కంచె తెగినందుకు సంతోషించవలసిన మనిషిని, ఊపిరి ఆడక బండి అంచు పట్టుకున్నాను.

మమ్మల్ని దించింది ఖాళీ చేసిన ఒక జైల్లో. మా సంఖ్యకి సరిపడా గదులు ఇంకెక్కడున్నాయి? సాయంకాలానికి లాయిడ్ వచ్చి చేరాడు. స్నానం చేసి, ఎవరిదో చొక్కా తొడుక్కుని, పెద్దమనిషిలా నా మోచెయ్యి పట్టుకుని పేర్లు రాసే బల్ల దగ్గరికి నడిపించాడు. కళ్ళజోడు పెట్టుకున్న గుమస్తా టైపు మిషనులో కాగితం ఎక్కించాడు. కుటుంబానికొక కాగితం. దాన్నిబట్టే ఓడలో చోటు, దాన్నిబట్టే ఊరు. లాయిడ్ చెబుతున్నాడు, మిషను టకటకమంటోంది. తన పేరు, తన కంపెనీ, ఒరెగాన్‌లో తన అన్నగారి చిరునామా. "భార్య, కోరా. పనేమీ చేయలేదు," అన్నాడు.

"క్యాంపులో మీ కుటుంబంలో ఎవరైనా చనిపోయారా?" అన్నాడు గుమస్తా.

"లేరు. దేవుడి దయ."

"ఉన్నారు," అన్నాను నేను.

ఇద్దరూ నావైపు చూశారు.

"ఆలివ్ ప్రాట్. యాభై ఎనిమిదేళ్ళు. ఫిబ్రవరి పద్దెనిమిది, ఆదివారం. ఆకలితో."

లాయిడ్ చిన్నగా నవ్వి గుమస్తావైపు వంగాడు. "నీరసం అండీ, పట్టించుకోకండి. ఆవిడ మాకేమీ కాదు. మా ఆవిడ పక్క మంచంలో ఉండేది, అంతే."

గుమస్తా వేళ్ళు మీటల మీద ఆగాయి. "ఆవిడ మీకేమవుతారమ్మా?" అని నన్నే అడిగాడు.

"ఆవిడ నా మనిషి, రాసుకోండి," అన్నాను. "ఈయనే నాకేమీ కాడు. నాకు వేరే కాగితం పెట్టండి."